బిగుసుకున్న చెయ్యి

ఆ శనివారం ఉదయం లెక్కల టీచరు వేసుకున్న పథకంలో ఎక్కడా తప్పు లేదు. బడికి సెలవు పెట్టి, కూతుర్ని పంపేశాక వంటింట్లో కాసేపు గురి సాధన చేసుకుని, పదింటికి షూటింగ్ క్లబ్బులో పది గుండ్లు పేల్చి, ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరడం. ఒకప్పుడు ఆ క్లబ్బు గోడ మీద మూడేళ్ళపాటు ఆమె పేరే పైవరసలో ఉండేది. కూతురు పుట్టాక తొమ్మిదేళ్ళు పిస్టల్ ముట్టలేదు. మళ్ళీ వస్తానంటే కోచ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"తొమ్మిదేళ్ళంటే చెయ్యి మరిచిపోతుంది టీచరుగారూ. జట్టులో ఒక్క చోటే ఉంది. వందకి తొంభై దాటితే మీది. పదింటికి రాకపోతే ఇంకొకరిది."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఓడిపోయి వస్తే అత్తగారు "పోనీలే అమ్మాయ్" అంటారు. ఆ జాలి భరించడం ఆమె వల్ల కాదు.

అందుకని పొయ్యి మీద పాలు పెట్టి, ఇస్త్రీపెట్టెను పిస్టల్‌లా కుడిచేత్తో చాచి పట్టుకుంది. ఎడమకన్ను మూసి, ఊపిరి బిగబట్టి, క్యాలెండరులో ఒక సున్నాకి గురిపెట్టింది. సరిగ్గా అప్పుడే అత్తగారు కాఫీ కోసం వచ్చారు.

"అమ్మాయ్, పాలు పొంగుతున్నాయే!"

కోడలు ఉలకలేదు, పలకలేదు. అత్తగారు పొయ్యి కట్టేసి దగ్గరకొచ్చి చూశారు. చెయ్యి కొయ్యబారింది. కన్ను మూతపడింది. మూతి ఓ పక్కకి పోయింది.

"ఒరేయ్, కోడలికి పక్షవాతంరా!"

ఆ కేకకి ఇస్త్రీపెట్టె జారి కోడలి పాదం మీద పడింది. ఆమె కుంటింది.

"అయ్యో, కాలు కూడా పడిపోయింది!"

ఉలికిపాటులో నాలుక కొరుక్కోవడంతో మాట ముద్దగా వచ్చింది.

"మాట కూడా పోయిందిరా నాయనా!"

భర్త పరుగున వచ్చి, భార్యవైపు చూడకుండానే అంబులెన్సుకి ఫోన్ చేశాడు. తల్లి చెప్పాక ఇంకో సాక్ష్యం అడిగే మనిషి కాడు.

ఆసుపత్రిలో డాక్టరుగారు ముందు పాదానికి కట్టు కట్టించారు. తర్వాత, "చెయ్యి చాచండి. ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం," అన్నారు.

చాచింది. నిమిషం గడిచింది. రెండు, మూడు. వేలి కొసైనా కదల్లేదు. గడియారం చూసి చూసి డాక్టరుగారికే మెడ పట్టేసింది.

"ఇది పక్షవాతం చెయ్యి కాదండీ. ఏం చేస్తుంటారు మీరు?"

ఇక దాచి లాభం లేదు. పిస్టలూ, తొమ్మిదేళ్ళూ, పదింటి పరీక్షా అన్నీ చెప్పేసింది. విన్న అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. నర్సు చటుక్కున ఆవిడ బీపీ చూసి, అంకె డాక్టరుగారి చెవిలో చెప్పింది.

"పెద్దావిడని పడుకోబెట్టండి. సాయంత్రం దాకా కదలకూడదు."

అలా రోగిని తెచ్చినావిడే మంచం ఎక్కింది. కోడలు కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"పోతే పోనివ్వండి అత్తయ్యా. మిమ్మల్ని ఇలా వదిలేసి వెళ్ళలేను."

"నోర్ముయ్! తొమ్మిదేళ్ళు ఈ ఇంటిని మోసిన చెయ్యి అది. మరిచిపోతుందా? ఒరేయ్, నా మొహం ఏం చూస్తావు, దాన్ని క్లబ్బులో దింపు!"

పదికి రెండు నిమిషాలుందనగా, ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి కట్టుతో ఆమె గీత దగ్గర నిలబడింది. మొదటి గుండు ఏడు మార్కుల వలయంలో పడింది. కోచ్ పెదవి విరిచాడు. ఆమె పిస్టల్ దించి, నిదానంగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ చెయ్యెత్తింది. ఆ తర్వాత ఒక్క గుండూ తొమ్మిదికి తగ్గలేదు. మొత్తం తొంభై మూడు.

"చెయ్యి మరిచిపోలేదండోయ్," అన్నాడు కోచ్.

"మరిచిపోయింది మీరు," అందామె. తన చెయ్యి చూసుకుంటే ఆమెకి పట్టరానంత గర్వం కలిగింది. దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కొడుకు ఫోన్‌లో ఆ అంకె చెప్పగానే అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, "తొంభై మూడు! మా కోడలు!" అంటూ పక్కమంచం ఆవిడతో మొదలుపెట్టారు. పడుకోమని నర్సు చెప్పబోతే, నర్సుకీ మొదటినుంచి చెప్పారు.

ఆ వార్డులోని మిగతా అయిదుగురు రోగులూ సాయంత్రంలోగా తమకి పూర్తిగా నయమైపోయిందని డాక్టరుగారికి విన్నవించుకున్నారు.