కొర్బు గారి మాస్టర్స్ దరఖాస్తు

జిల్లా పరిషత్ ఉపాధ్యక్షులు సెప్టిమియు కొర్బు గారు యాభై నాలుగో ఏట, సకల జనుల శ్రేయస్సు కోరి, మళ్ళీ విద్యార్థిగా మారాలని నిర్ణయించుకున్నారు. "ఆక్యుపేషనల్ థెరపీలో మాస్టర్స్ చేస్తాను. ప్రజాసేవకి పదవి ఒక్కటే చాలదు" అని పత్రికలవాళ్ళకి స్వయంగా ప్రకటించారు. విలేకరులు చప్పట్లు కొట్టారు. అదేం చదువని ఒక్కరూ అడగలేదు. అడక్కపోవడమే మంచిదయింది.

పక్షవాతం వచ్చినవాళ్ళకీ, చేతులు విరిగినవాళ్ళకీ గుండీ పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, సొంతంగా టీ కాచుకోవడం మళ్ళీ నేర్పే విద్య అది. ఆ ఫ్యాకల్టీ ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే కిటికీ వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను కాబట్టి నాకు తెలుసు.

కొర్బు గారికి ఈ విద్య మీద ఇష్టం ఉన్నట్టుండి పుట్టలేదు. ఊరి చివర యూరప్ నిధులతో పునరావాస కేంద్రం కట్టారు. దాని డైరెక్టరు ఈ మాస్టర్స్ చేసినవాడో, చేస్తున్నవాడో అయి తీరాలని నిరుడు తీర్మానం చేయించింది ఆయనే. ఆ కుర్చీ మీద అప్పట్లో ఎదుటి పార్టీ డాక్టరొకాయన కన్నేశాడు. ఆయనకి లేని అర్హత ఏదా అని పరిషత్తు వారం రోజులు వెతికితే ఇది దొరికింది. తీరా ఆ డాక్టరు జర్మనీ వెళ్ళిపోయాడు. కుర్చీ కొర్బు గారి కోసం ఎదురుచూస్తోంది, తీర్మానం అడ్డంగా నిలబడింది.

రెండో విడతకి మా దగ్గర మిగిలింది ఒక్కటే సీటు. దరఖాస్తులు రెండు. రెండోది ఔరిక తోమ్షాది. నలభై ఆరేళ్ళ మనిషి, వృద్ధాశ్రమంలో పంతొమ్మిదేళ్ళుగా ఆయా. డ్యూటీలు మార్చుకుంటూ డిగ్రీ పూర్తి చేసింది. ఆశ్రమంలో ఉన్న ఒక్క థెరపిస్టూ క్రిస్మస్‌కి రిటైరవుతోంది. ఆ చోటికి మాస్టర్స్‌లో చేరిన మనిషి దొరక్కపోతే థెరపీ గదికి తాళం పడుతుంది. నలభై ఒక్కమంది ముసలివాళ్ళు మళ్ళీ మంచాలకి అతుక్కుపోతారు. "ఈ సీటు రాకపోతే వాళ్ళ మొహాలెలా చూడను అక్కా?" అని కిటికీ దగ్గరే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మా దేశంలో దరఖాస్తు అంటే కాగితాలకి చిల్లులు పొడిచి రేకుముక్కతో బిగించే అట్టఫైలు. ఫైల్లో లేని మనిషి మాకు పుట్టనట్టే లెక్క. కొర్బు గారి ఫైలు ఆయన కార్యదర్శి రెలు మోసుకొచ్చాడు.

"సిఫార్సు లేఖలు మూడుండాలి బాబూ."

"ఉన్నాయి మేడమ్. ఒకటి పెద్ద ఫాదర్ గారిది. ఒకటి పార్టీ అధ్యక్షులది. ఇంకోటి జిల్లా పరిషత్ ఉపాధ్యక్షులది."

"ఆయనే కదయ్యా అభ్యర్థి!"

"మరే! ఆయన గురించి ఆయన కన్నా ఎవరికి బాగా తెలుస్తుంది చెప్పండి?"

చదివాను. 'అభ్యర్థిని చిన్ననాటి నుంచి ఎరుగుదును. నిజాయితీపరుడు. ఆయన మాట నేనెన్నడూ జవదాటలేదు' అని ఉంది. ఒక్క అబద్ధం దొరకలేదు.

"సరే, అరవై గంటల పరిశీలన సర్టిఫికెట్?" అన్నాను. దరఖాస్తుకి ముందు థెరపిస్టు పక్కన కూర్చుని అరవై గంటలు పని చూడాలని నిబంధన.

"ఇదిగో. వృద్ధాశ్రమంలో చూశారు."

"ఈస్టర్‌కి కేకులు పంచడానికి వెళ్ళారే, అదేనా? టీవీలో చూశాను. ఇరవై నిమిషాలున్నారు."

"ఇరవై నిమిషాలే. వెంట ఎంతమంది వెళ్ళారు? నూట ఎనభై మంది! అందరూ కళ్ళు తెరుచుకునే ఉన్నారు. గుణించండి మేడమ్."

గుణించాను. సరిగ్గా అరవై గంటలు. ఒక్క నిమిషం ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇంత నిక్కచ్చి మనిషిని నా సర్వీసులో చూడలేదు.

ఔరిక సర్టిఫికెట్ మాత్రం ఆలస్యమైంది.

"పంతొమ్మిదేళ్ళు ఆ గదిలోనే చేశావుగా, నీకేం తక్కువ?" అన్నాను.

"చెయ్యడం లెక్కలోకి రాదట అక్కా. చూడాలట. జీతం లేని సెలవు పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా బదులు ఎవర్నీ వెయ్యలేదు. మూడో రోజు ఒక ముసలాయన చెంచా పదేపదే జారవిడుస్తుంటే ఆగలేక లేచి పట్టించాను. చూడ్డం మానేశావని పావుగంట కోసేశారు."

ఆ పావుగంటా మర్నాడు కూర్చుని చూసి వచ్చింది.

తర్వాత ప్రాక్టికల్ పరీక్ష. కమిటీకి పెద్ద ప్రొఫెసర్ యుస్టీనా పాస్కాలు. మినిట్స్ రాయడానికి నేనూ ఉన్నాను. అభ్యర్థులిద్దరిలో ఒకరు రోగి, ఒకరు థెరపిస్టు, తర్వాత తారుమారు. రోగికి కుడిచెయ్యి కట్టేస్తారు. ఎడమచేత్తో ఉడికిన గుడ్డు వలుచుకోవాలి. గడువు పదిహేను నిమిషాలు. మార్కులు థెరపిస్టుకే. రోగి పని థెరపిస్టు చేసిపెట్టకూడదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం.

ముందు ఔరిక రోగి. కొర్బు గారు కాలు మీద కాలు వేసుకుని "కానివ్వండి" అన్నారు. అంతే. మళ్ళీ నోరు విప్పలేదు, వేలు కదపలేదు. ఔరిక తడి గుడ్డ మీద గుడ్డు పెట్టి, అది దొర్లకుండా నాలుగు నిమిషాల్లో వలిచేసింది. ప్రొఫెసర్ పుస్తకం చూసింది, నిబంధనలు చూసింది, కొర్బు గారిని చూసింది.

"రోగి పనిలో చెయ్యి పెట్టలేదు. తొందరపెట్టలేదు. సలహా కూడా ఇవ్వలేదు. మార్కు కోయడానికి నాకు చోటే లేదు" అంది. పదికి పది.

ఇప్పుడు కొర్బు గారు రోగి. గుడ్డు వంక చాలాసేపు చూశారు. తలుపు వంక చూశారు. రెలు రాలేదు.

"ఇది ఎటువైపు తెరుచుకుంటుంది?" అన్నారు చివరికి.

"ఎటైనా పర్లేదు సార్. ముందు పళ్ళేనికి కొట్టండి" అంది ఔరిక.

"నేనా?"

"మీరే సార్. మెల్లిగా. ఆఁ, భేష్! ఇంకోసారి."

మొదటి గుడ్డు టై మీద పడింది. రెండోది బల్ల కిందికి పోయింది. ఔరిక విసుక్కోలేదు, అందుకోలేదు. ముప్పై ఒకటో నిమిషాన మూడో గుడ్డు తెల్లగా బయటపడింది. కొర్బు గారి కళ్ళు చెమర్చాయి. "నేనే వలిచాను!" అన్నారు అందరివైపూ చూస్తూ. ఆ ఒక్క నిమిషం ఆయనంటే నాకు నిజంగానే ముచ్చటేసింది. గడువు దాటినందుకు ఔరికకి తొమ్మిది పాయింట్ ఆరు వేశారు.

సీటు కొర్బు గారికి వచ్చింది. శుక్రవారం నాలుగింటిలోగా డిగ్రీ డిప్లొమా ఒరిజినల్ స్వయంగా తెచ్చి కిటికీలో ఇవ్వాలి. లేకపోతే సీటు తర్వాతి వాళ్ళకి పోతుంది, వాళ్ళు ఒరిజినల్‌తో ఆ సమయానికి అక్కడే ఉంటే. పొద్దున ఎనిమిదింటి నుంచీ ఔరిక బయట బెంచీ మీద ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరు మెట్లెక్కినా ఆమె లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం నాకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

మూడూ నలభైకి కొర్బు గారు వచ్చారు. వెనక రెలు, కెమెరాలు, గోడ మీంచి తీసుకొచ్చిన బంగారు రంగు ఫ్రేము.

"ఫ్రేముతో తీసుకోం సార్. కాగితం కావాలి" అన్నాను.

రెలు మేకులు పీకాడు. ఫ్రేము అంచు కప్పేసిన అడుగు భాగం బయటపడింది. 'నమూనా. ప్రదర్శనకు మాత్రమే' అని అచ్చయి ఉంది. ఫైల్లో పెట్టిన నకలు మీద పేరు టైపు చేసి ఉంది గానీ, ఇక్కడ పేరు ఉండాల్సిన చోట చుక్కలున్నాయి. కొర్బు గారు కూడా నాతో పాటే మొదటిసారి చదివారు.

"టైమెంతయింది మేడమ్?"

"మూడూ యాభై రెండు సార్."

"నా తర్వాత ఎవరు?"

"బయట బెంచీ మీదున్నావిడ, బాస్" అన్నాడు రెలు.

కొర్బు గారి మొహం వెలిగిపోయింది. "కెమెరాలు దగ్గరికి రమ్మను. ఆవిణ్ణి పిలు."

ఔరిక పరుగున వచ్చింది. "సోదరీ! నీ కోసం, ఆ వృద్ధుల కోసం, ఈ సీటు త్యాగం చేస్తున్నాను!" అన్నారు కొర్బు గారు గద్గదంగా.

"అలాగే సార్, ముందు కాగితం ఇవ్వనివ్వండి, నాలుగవుతోంది!"

కవర్లోంచి తీసిన డిప్లొమాని ఆమె చేతిలోంచి ఫొటో కోసం ఆయనే అందుకున్నారు. ఎత్తి పట్టుకున్నారు.

"ఇటు ఒకటి బాస్. ఈ పక్కకి ఇంకోటి."

"సార్, మూడూ యాభై తొమ్మిది!" అని అరిచాను. రెలు ఒక కాగితం నా బల్ల మీదికి తోశాడు. ధడేలున ముద్ర వేసి ఫైల్లో బిగించాను. ఔరిక ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మర్నాడు పేపర్లలో కొర్బు గారి త్యాగం మొదటి పేజీలో వచ్చింది. పై వారం పరిషత్తు తన తీర్మానంలో 'చేస్తున్నవాడు' తర్వాత 'లేదా దరఖాస్తు చేసినవాడు' అని చేర్చింది. ఆయన దరఖాస్తు చేశారని సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. డైరెక్టరయ్యారు.

అక్టోబరులో పేజీల నంబర్లు వేద్దామని ఔరిక ఫైలు తీశాను. లోపల చుక్కలు. కింద 'నమూనా. ప్రదర్శనకు మాత్రమే'. పైన నా ముద్ర.

సంతకం నెపంతో డైరెక్టరు గదికి పరిగెత్తాను. గోడ మీద బంగారు రంగు ఫ్రేము. అద్దం వెనక పెద్ద అక్షరాల్లో ఔరిక తోమ్షా. దాని కింద నిలబడి బ్రస్సెల్స్ నుంచి వచ్చిన అతిథులిద్దరు కొర్బు గారితో ఫొటో దిగుతున్నారు.

"మీ డిప్లొమా చాలా బాగుంది" అన్నాడొక అతిథి తలెత్తి చూసి.

"కష్టపడి సంపాదించుకున్నాను" అన్నారు కొర్బు గారు.

అటు నుంచి అటే ఆశ్రమానికి వెళ్ళి ఔరికకి చెప్పాను. థెరపీ గదిలో ఒక ముసలావిడ చేత గుండీలు పెట్టిస్తోంది. నేను చెబుతుంటే నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.

"వెళ్ళి తెచ్చుకుందాం పదవే, నా ఉద్యోగం పోతుంది" అన్నాను.

"వద్దక్కా, ఉండనీ. మా ఇంట్లో చెమ్మ, అక్కడైతే పాడవదు. కోర్సయిపోయాక ఆ డైరెక్టరు పోస్టుకి నేనే దరఖాస్తు పెడతాను. ఒరిజినల్ డైరెక్టరు గది గోడ మీదే ఉంది, తలెత్తి చూసుకోండి అని రాస్తాను."