సర్వీసు ప్రకారం ఓం నియమం

"జ్ఞానానికి గోడలు ఉండగూడదు!" అని డోన్ కాలేజీ ప్రిన్సిపాల్ పెద్దసుబ్బయ్యగారు స్టాఫ్ రూమ్ తలుపు గడియ వేయించి మరీ ప్రకటించారు. అది 2007. డోన్, నందికొట్కూరు, బద్వేలులోని కల్పవల్లి కాలేజీల పాఠాలన్నీ ఇకమీదట కంప్యూటర్లో అందరివీనట! దాని పేరు సెమాంటిక్ వెబ్. ఏ పాఠానికి ముందు ఏ పాఠం చదవాలో యంత్రానికి అర్థమయ్యేలా చెప్పిపెడితే చాలు, అడిగినదాన్ని అదే వరసలో తెచ్చి ఇస్తుంది.

ఆ చెప్పిపెట్టే పని కంప్యూటర్ లెక్చరర్ శామ్‌ది. టెంపరరీ ఉద్యోగం. ప్రారంభోత్సవం బాగా జరిగితే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. పాపం, తిండీ నిద్రా మానేసి తేలిక పాఠాలు ముందూ, కష్టమైనవి వెనకా పేర్చాడు.

ఫిజిక్సు బొజ్జన్నగారు చూసి భగ్గుమన్నారు. "ఏమప్పా! నిన్నగాక మొన్న చేరిన శ్రీవాణి పాఠం ముందా, నాది ఎనకా? ఆ పిల్ల పుట్టకముందు నుంచీ పాఠాలు చెప్తాండా!"

"సార్, ఆమె చెప్పిన ఓం నియమం తెలిస్తేనే గదా మీ విద్యుత్ వలయాలు..."

"తెలిసేది తర్వాత. ముందు మర్యాద ఉండల్ల!"

కబురు బద్వేలు చేరింది. జువాలజీ కృష్ణవేణమ్మగారు వెంటనే ఫోన్ చేశారు. "బొజ్జన్న కంటే నేను సీనియర్. నా కప్ప జీర్ణవ్యవస్థ ముందుండల్ల!"

"సర్వీసు ప్రకారం పెట్టేయ్ నాయనా, గొడవుండదు" అని తీర్పు చెప్పారు పెద్దసుబ్బయ్యగారు. ఆ లెక్కన ఆయన చెప్పిన మొగలాయి పరిపాలన అన్నిటికంటే ముందుకొచ్చింది.

"పిల్లోళ్లకు అర్థం గాదు సార్."

"నిన్ను పర్మనెంట్ చేసేది పిల్లోళ్లా?"

శామ్‌కు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మార్చేశాడు.

ప్రారంభోత్సవానికి కల్పవల్లి కాలేజీల డైరెక్టర్ జ్ఞానేశ్వర్‌గారు కర్నూలు నుంచి కారులో వేంచేసి గంటసేపు ఉపన్యసించారు. శామ్ చెల్లెలు మహిమ ఆ కాలేజీలోనే ఇంటరు. ఆమెనే వేదిక మీదికి పిలిచారు. ఆ పిల్ల 'ఓం నియమం' అని కొట్టింది. ముందు మొగలాయి పరిపాలన వచ్చింది. తర్వాత కప్ప. తర్వాత విద్యుత్ వలయాలు. ఆ తర్వాత గానీ ఓం నియమం రాలేదు!

డైరెక్టర్‌గారి ముఖం ఎర్రబడింది. "ఇదేమి వరస?"

శామ్ లేచి నిలబడ్డాడు. "స... సర్వీసు ప్రకారం సార్."

"మరి నా ప్రారంభోపన్యాసం యాడ?"

బతికాంరా దేవుడా అనుకుంటూ శామ్ అప్పటికప్పుడే ఆ ఉపన్యాసాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి మొగలాయిల కంటే ముందు పెట్టాడు. చప్పట్లే చప్పట్లు! "మర్యాద తెలిసిన కంప్యూటర్‌ను ఇప్పుడే చూస్తాండా!" అన్నారు డైరెక్టర్‌గారు. శామ్ అక్కడికక్కడే పర్మనెంటు.

సాయంత్రం ఇంట్లో మహిమ అడిగింది. "అన్నా, రేపు ఫిజిక్సు పరీక్ష. మీ కంప్యూటర్లో చదువుకోనా?"

"దాని జోలికి పోవద్దమ్మా! బస్టాండ్ కాడ గైడు దొరుకుతాది, తెచ్చుకో."

"అదేందన్నా? చేసినోడివి నువ్వే గదా!"

"అందుకే చెప్తాండా" అంటూ శామ్ గైడుకు దుడ్లు తీసిచ్చాడు.