చేపలు సంతోషంగా ఉన్నాయని వార్త

చెరువులో చేపల మనసు ఇక దాగదని, అవి సంతోషంగా ఉన్నదీ లేనిదీ సెల్‌ఫోనులోనే తెలిసిపోతుందని ఏలూరులో జరిగిన విలేకరుల సమావేశంలో 'చేపసుఖం' యాప్ వారు ప్రకటించారు. సమావేశానికి విలేకరులందరూ వచ్చారు. చేపలు మాత్రం వేపుడుగా వచ్చాయి.

ఎవరూ ప్రశ్నలు అడగలేదు. అడగవలసిన ప్రశ్నలూ, వాటి జవాబులూ ముందే అచ్చువేసి ఇవ్వడంతో ఆ శ్రమ తప్పింది. ఆ కాగితాన్ని కంపెనీ కంప్యూటరు రాసింది. పత్రికాఫీసుల్లో మరో కంప్యూటరు దాన్ని కుదించింది. ఇలా మనిషి చెయ్యి తగలకుండా తయారైన వార్తలో ముదినేపల్లి రైతు సత్తిరాజు, "యాప్ వచ్చాక కంటినిండా నిద్రపోతున్నాను" అన్నాడు. నీళ్ళలో ఉండి యాప్‌కు కబుర్లు చేరవేసే పెట్టె అప్పటికింకా అతని చెరువుకు రానేలేదు.

తన మాటలు పేపర్లో చదువుకున్నాక సత్తిరాజుకు నిజంగానే నిద్ర పట్టసాగింది. భార్య వీరదుర్గకు పట్టడం మానేసింది. వాళ్ళకున్నదంతా ఆ చెరువులోనే ఉంది మరి. పెట్టె వచ్చి నీళ్ళమీద తేలాక, తెల్లారగట్ల గట్టుమీదికెళ్ళి చూసే పని అతను మానేశాడు. కొడుకును చంకనేసుకుని ఆమే వెళ్ళేది.

మూడోరోజు ముసురు పట్టింది. తెల్లారేసరికి బొచ్చె చేపలూ, శీలావతులూ పైకొచ్చి గాలికోసం నోళ్ళు తెరుస్తున్నాయి. వీరదుర్గ ఇంట్లోకి పరుగెత్తింది.

"ఏవండీ, లేవండి! చేపలు పైకొచ్చేశాయి!"

సత్తిరాజు ఫోను చూశాడు. "సంతోషంగా ఉన్నాయంటోంది కదే."

"చచ్చిపోతున్నాయండి బాబూ! ఏరియేటర్లు వెయ్యండి!"

"యాప్ చెప్పకుండా వెయ్యకూడదు దుర్గా. దాన్ని నమ్మి నిద్రపోతున్నానని పేపర్లో నేనే అన్నాను. నా మాట నేనే కాదంటే ఏం బాగుంటుంది?"

ఆమె కంపెనీకి ఫోను చేసింది. ప్రజాసంబంధాల అధికారిణి ప్రసన్నకుమారి ఎంతో మర్యాదగా మాట్లాడింది. "కంగారు పడకండి మేడమ్. చేపల గురించి ప్రతికూల సమాచారం ఏదైనా ఉంటే మెయిల్ పెట్టండి. ఏడు పనిదినాల్లో దాన్ని సానుకూలం చేస్తాం."

సరిగ్గా అప్పుడే, విజయగాథ రాయడానికి విలేకరి ఫణికిరణ్ మోటారుసైకిలు దిగాడు. "భలే పోజిస్తున్నాయండీ మీ చేపలు!" అంటూ ఫొటోలు మొదలుపెట్టాడు. వీరదుర్గ పిల్లాణ్ణి అతని చేతుల్లో పెట్టి పరుగెత్తి, ఏరియేటర్ల స్విచ్చులన్నీ వేసేసింది. చక్రాలు నీళ్ళు చిలికి గాలి కలిపాయి. గంటకు గానీ చేపలు కిందికి దిగలేదు. ఆమె గట్టుమీదే కూలబడి ఏడ్చింది. ఫణికిరణ్ అదీ ఫొటో తీశాడు.

మర్నాడు వార్త దివ్యంగా వచ్చింది. చేపల ఫొటో కింద, 'రైతును పలకరించడానికి పైకొచ్చిన చేపలు'. ఆమె ఫొటో కింద, 'ఆనందబాష్పాలతో మహిళా రైతు'. విలేకరి ఫోను లాక్కుంటూ సెల్ఫీలో పడ్డ పిల్లాడి కింద, 'ఉగ్గుపాలతోనే టెక్నాలజీ'.

వీరదుర్గ పేపరు చింపబోయి, కొడుకు ఫొటో దగ్గర ఆగింది. సాయంత్రానికి కాన్వెంటు వారు ఫోను చేశారు. నెలరోజులుగా ఎల్‌కేజీలో సీటు లేదంటున్నవాళ్ళే, ఇలాంటి పిల్లాడు తమ బడికి గర్వకారణమనీ, సోమవారం వచ్చి చేర్పించమనీ అన్నారు. తొమ్మిదో తరగతిలోనే పుట్టింటివారు బడి మానిపించిన తల్లికి అది చిన్న సంగతి కాదు. ఆమె పేపరు మడతపెట్టి బీరువాలో దాచింది.

శనివారం పొద్దున్నే పక్క చెరువు అబ్బులు ఫోను చేశాడు.

"చెల్లెమ్మా, మేమూ ఆ పెట్టె పెట్టించామమ్మా. ఇప్పుడు మా చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, అచ్చం పేపర్లో మీవాటిలాగే. పలకరింపే అంటావా?"

ముప్పై ఏళ్ళుగా చేపలు పెంచుతున్న మనిషి అడుగుతున్నాడు. వీరదుర్గ బీరువా వైపు చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"పరుగెత్తండి అన్నయ్యగారూ, ఏరియేటర్లు వేసెయ్యండి! నేను చెప్పానని మాత్రం అనకండేం. సోమవారం మావాడి సీటుందండి."

అవతల స్విచ్చుల చప్పుడూ, చక్రాల హోరూ వినిపించాయి. కాసేపటికి అబ్బులు ఆయాసపడుతూ మళ్ళీ ఫోనందుకున్నాడు.

"నేనెందుకు చెప్తానమ్మా? మధ్యాహ్నం నన్నూ ఫొటో తియ్యడానికి వస్తున్నారు."