సహకారంలో ఉన్నారు

మనిషి తన కోసం బతికితే జంతువు, పక్కసీటు వాడి కోసం బతికితేనే ఉద్యోగి!

నీటి సరఫరా ఆఫీసులో ఒక సోమవారం పొద్దున్నే పెద్దాఫీసరు గారు ఈ మహావాక్యాన్ని వెలువరించారు. అంతకు ముందు వారమంతా ఆయన ఎక్కడో చల్లటి ఊళ్ళో శిక్షణలో ఉన్నారు. శిక్షణకు వెళ్ళిన ఆఫీసరు వట్టి చేతులతో తిరిగి రాడు. జలుబన్నా తెస్తాడు, సంస్కరణన్నా తెస్తాడు. ఈయన రెండూ తెచ్చారు. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య కొత్త విధానం వివరించారు.

"ఎవరి పని వాళ్ళు చేసుకోవడం స్వార్థం. ఇక మీదట రోజూ రౌండ్లకొస్తాను. ఎవరు ఎవరికి సాయపడుతున్నారో చూస్తాను. తన సీట్లో తాను కూర్చుని తన పని తాను చేసుకుంటూ కనపడ్డ మనిషిని ఏమనుకోవాలో నాకు తెలుసు. సూపరింటెండెంటు పోస్టు ఖాళీగా ఉందన్న సంగతి మీకూ తెలుసు."

ఆ చివరి మాటతో అందరి చూపులూ ఫిర్యాదుల గుమస్తా మీదికి మళ్ళాయి. సర్వీసులో అందరికన్నా పెద్ద ఆయనే. ఆ కుర్చీ ఆయనదేనని గోడ మీది బల్లికి కూడా తెలుసు. కాని ఆయనకు వెనకనించి ఇంకో పేరుంది, 'నాదికాదు గారు' అని. ఎవరేం అడిగినా ఆయన నోట వచ్చేది ఆ ముక్కే. పక్క టేబుల్ మీద ఫోను మోగితే, అది అలిసిపోయి ఊరుకునేదాకా దాని వంక సానుభూతిగా చూసేవాడు తప్ప ఎత్తేవాడు కాదు. "కుక్క పని కుక్క చెయ్యాలి, గాడిద పని గాడిద చెయ్యాలి" అనేది ఆయన సిద్ధాంతం. ఆ రెండింటిలో ఆయనేదో మర్యాదస్తులెవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య నవ్వుతూ ఎదురొచ్చింది. "తోడికోడలికి చెప్పేశాను."

"ఏమని?"

"మీకు సూపరింటెండెంటు అయిందని."

"ఆలూ లేదు, చూలూ లేదు, అప్పుడే చెప్పేశావా?"

"అవుతుందిగా. అయ్యాక చెబితే అందులో నా గొప్పేముంది?"

ఆయన గుండెలో రాయి పడింది. సంగతేమిటంటే, ఆయన సొంత తమ్ముడు ఇంకో ఆఫీసులో ఎప్పుడో సూపరింటెండెంటయ్యాడు. ఆనాటి నుంచీ ఆ మరదలు ఎప్పుడు కలిసినా, "అక్కయ్యా, బావగారింకా ఫిర్యాదులేనా?" అని మహా జాలిగా అడుగుతోంది. ఆ జాలికి ఈ ఇల్లాలు కుంపటి మీద కూర్చున్నట్టు ఉడికిపోతోంది. ఇప్పుడు గనక కుర్చీ రాకపోతే ఇంట్లో తన బతుకేమవుతుందో ఆయన ఊహించుకోలేకపోయాడు. సిద్ధాంతాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మర్నాటినుంచి సాయం చెయ్యడానికి నడుం కట్టాడు.

కట్టాడు గాని, చేయించుకునే నాథుడేడీ?

"ఇలా ఇవ్వండి, ఆ నోట్లు నేను లెక్కపెడతాను" అన్నాడు క్యాషియరు దగ్గరికి పోయి.

"మీకెందుకండీ శ్రమ? నేనే మీ ఫిర్యాదులు రాసిపెడదామని లేస్తున్నాను."

"ముందు నేనొచ్చాను."

"ముందు నేననుకున్నాను."

ఇద్దరూ ఒకరి కుర్చీని ఒకరు గౌరవంగా లాక్కున్నారు. నాలుగు రోజుల్లో ఆఫీసంతా కిటుకు తెలుసుకుంది. రౌండ్ల వేళకు ఎవరి సీట్లో వాళ్ళుండకపోతే చాలు! క్యాషియరు ఒంటి వేలితో టైపు కొట్టేవాడు. టైపిస్టమ్మాయి స్టోరు గదిలో కుళాయిలు తుడిచేది. పైపులు బిగించే ఫిట్టరు వచ్చి ఫిర్యాదుల సీట్లో కూర్చుని, కలాన్ని పానా పట్టినట్టు పట్టి కాగితం మీద తిప్పేవాడు. ఫిర్యాదుల గుమస్తా క్యాషు గదిలో ఊచల వెనక కూర్చుని, ఆఫీసరు గారి బూట్ల చప్పుడు కోసం చెవులు రిక్కించేవాడు.

ఒక పూట ఎవరో పెద్దాయన ఖాళీ బిందెతో సహా వచ్చాడు.

"మా వీధిలో వారం నుంచి నీళ్ళు లేవు బాబూ. ఫిర్యాదుల గుమస్తా గారెవరు?"

"ఆయన సహకారంలో ఉన్నారు" అన్నాడు ఫిట్టరు.

"పోనీ, ఫిట్టరు గారు?"

"ఆయనా సహకారంలోనే ఉన్నారు."

"మరి తమరెవరు?"

"ఫిట్టర్నే. కాని ఇప్పుడు గుమస్తాని."

పెద్దాయన బిందె కింద పెట్టాడు. "అయితే గుమస్తాగా రాసుకుని, ఫిట్టరుగా వచ్చి బాగుచేయండి."

"అలా నా పని నేనే చేసుకుంటే స్వార్థం అంటారండీ."

పెద్దాయన బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనకటి రోజుల్లో 'సీట్లో లేరు' అని చెప్పడానికి ఎవరికైనా కాస్త నామోషీగా ఉండేది. 'సహకారంలో ఉన్నారు' అంటే మాత్రం విన్నవాడే సిగ్గుపడి వెళ్ళిపోయేవాడు.

ఇంతలో ఆఫీసరు గారు ఇల్లు మారవలసి వచ్చింది. ఆయన ఎవరినీ సాయం అడగలేదు. ఆ మాటే అందరినీ పిలిచి మరీ చెప్పారు. "నేనెవరినీ రమ్మనను. సాయం మనసులోంచి రావాలి. లారీ ఆదివారం పొద్దున వస్తుంది."

ఆదివారం లారీకన్నా ముందు ఆఫీసు వచ్చింది. అంతా బరువైన సామాను కోసం పోటీ పడ్డారు. క్యాషియరు నిలువుటద్దానికి ఎగబడ్డాడు. ఫిట్టరు మంచాన్ని వాటేసుకున్నాడు. ఫిర్యాదుల గుమస్తా మాత్రం ఇనప బీరువాకు భుజం ఇచ్చాడు, ఆఫీసరు గారు సరిగ్గా దాని పక్కనే నిలబడి ఉన్నారు గనక. కొత్త ఇంట్లో మేడ మెట్లెక్కేటప్పుడు నడుములో ఏదో కలుక్కుమంది. ఆయన దాన్ని నవ్వుగా మార్చి ఆఫీసరు గారికి సమర్పించాడు.

ఆఫీసరు గారి భార్య గదిలో నిలబడి, "ఆ మూల కాదు, ఈ మూల" అంది. ఈ మూల పెట్టాక, "ఆ మూలే బావుందేమో" అంది. తర్వాత ఆయన వంక చూసి, "నువ్వు లారీ మనిషివా బాబూ?" అని అడిగింది.

"కాదమ్మా, ఫిర్యాదుల గుమస్తాని."

"చల్లటి మాట చెప్పావు. ఇంట్లో చుక్క నీళ్ళు రావడం లేదు. రాసుకో."

ఆయనకు ముచ్చెమటలు పోశాయి. చాలా కాలానికి అసలు సిసలు సొంత పని ఎదురైంది. ఆఫీసరు గారు చూస్తుండగా తన పని తాను చేసుకుంటే ఇన్నాళ్ళ త్యాగం బూడిదలో పోసినట్టే. పరుగున పోయి క్యాషియరు చేతిలోని అద్దం అందుకుని, "మీరు పోయి అమ్మగారి ఫిర్యాదు రాసుకోండి, నాకు సాయంగా" అన్నాడు. క్యాషియరు సంతోషంగా రాసుకుని ఫిట్టరుకి చెప్పాడు. ఫిట్టరు మంచం కింద నుంచి తల బయటపెట్టి, కుళాయి చూడమని టైపిస్టమ్మాయిని బతిమాలాడు. ఆమె చూసింది. చూసినా నీళ్ళు రాలేదు. మర్నాటి నుంచి ఆఫీసరు గారు తువ్వాలు భుజాన వేసుకుని తెల్లారకుండానే ఆఫీసుకొచ్చి, అక్కడే స్నానం చేయసాగారు. చూసినవాళ్ళు అది అంకితభావమనుకున్నారు.

కొన్నాళ్ళకు పై ఆఫీసు నుంచి ఉత్తర్వులొచ్చాయి. ఆఫీసరు గారు ఫిర్యాదుల గుమస్తాను గదిలోకి పిలిచి, ఎప్పుడూ లేనిది కూర్చోమన్నారు.

"మన విధానం పైవాళ్ళకి తెగ నచ్చిందయ్యా. నన్ను ప్రధాన కార్యాలయానికి రమ్మన్నారు, పెద్ద హోదాలో."

"చాలా సంతోషం సార్. మరి ఆ సూపరింటెండెంటు..."

"అదే చెబుతున్నా. సిబ్బంది ఒకరినొకరు ఇంత చక్కగా చూసుకుంటున్నప్పుడు, చూసుకోవడానికి వేరే సూపరింటెండెంటు దండగ అన్నారు. పోస్టు ఎత్తేశారు."

గుమస్తాకు నడుములో కలుక్కుమన్నది ఈసారి గుండెలో అంది. భార్య మొహం, ఆ వెనకే మరదలి జాలి మొహం కళ్ళముందు కదిలాయి. పోనీ ఏడుద్దామంటే, ఆఫీసరు గారి పదోన్నతికి ఆనందబాష్పాలనుకుంటారేమోనని అదీ మానుకున్నాడు.

"దిగులు పడకండి. పోస్టు పోయింది గాని పని ఎక్కడికి పోతుంది? ఎవరో ఒకరు చెయ్యాలిగా. సూపరింటెండెంటు పనంతా మీరే చూసుకోండి. సాయంగా."

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో నాలుగు జతల చెప్పులున్నాయి. ఉత్తర్వులొచ్చాయన్న కబురు చెవినబడి, భార్య ఆయన తమ్ముణ్ణీ మరదల్నీ వాళ్ళ పిల్లల్నీ భోజనానికి పిలిచేసింది. ముందు గదిలో అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"ఏం బావగారూ, అయిందా?" అంది మరదలు, జాలిని సిద్ధంగా ఉంచుకుని.

 ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ్టి నుంచి సూపరింటెండెంటు పనంతా నేనే చూసుకోవాలన్నారు."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. భార్య మొహం వెలిగిపోయింది. "నే చెప్పలా?" అంటూ తోడికోడల్ని వంటింట్లోకి లాక్కుపోయింది, మిగిలిన గొప్ప అక్కడ చెప్పుకోవడానికి. పిల్లలు వెంట పరిగెత్తారు.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి వంటింటి తలుపు దగ్గరగా వేసి, అన్న పక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. పోస్టు ఇచ్చారా, పని ఇచ్చారా?"

అన్న నేల చూపులు చూశాడు. "నీకెలా తెలిసింది?"

"నాకు సూపరింటెండెంటు అయిందని అందరూ అనుకున్న రోజు, నేనూ మా ఆవిడతో సరిగ్గా నువ్వన్న మాటే అన్నాను. ఈనాటికీ మా ఆఫీసులో సంతకం పెట్టేచోట నేను గుమస్తానే."

అన్నగారు తమ్ముడి మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళూ ఈ పిల్లాడి కుర్చీని చూసి కుళ్ళుకున్నందుకు సిగ్గేసింది, వెంటనే బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. లోపల తోడికోడళ్ళిద్దరూ ఏ సూపరింటెండెంటు గొప్పో తేల్చుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"మీ వదినకి చెప్పకురా" అన్నాడు మెల్లిగా.

"నువ్వు మీ మరదలికి చెప్పకు."

అలాగే అనుకున్నారు. రౌండ్లకు ఎవరూ రాకుండా, కుర్చీ ఆశ లేకుండా ఆ అన్నదమ్ములు చేసిన సాయం అదొక్కటే.