ఇంటిని తిప్పిన పటం

ఆ శనివారానికి ఉదయ్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పదింటికి ఇల్లు చూడటానికి వాళ్ళొస్తారు. కాఫీ ఇవ్వాలి, నవ్వాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి. వీధి గుమ్మం ఎటు చూస్తుందనే మాట మాత్రం తనంతట తాను ఎత్తకూడదు. ఆ ప్రశ్న అడక్కుండా ఇల్లు కొనే తెలుగువాడు టెక్సాస్‌లోని ఈ ఫ్రిస్కోలో ఇంకా దిగలేదని అతనికీ తెలుసు. కానీ ఆశ అనేది ఒకటి ఏడుస్తుంది కదా.

ఇల్లు దక్షిణ ముఖం. కొన్న రోజుల్లో ఉదయ్ పెద్ద హేతువాది. వాస్తు గీస్తు అంతా నాన్సెన్స్ అని నలుగురిలో కొట్టిపారేసి, తన ధైర్యానికి తానే మురిసిపోయాడు. ఇప్పుడు ఉద్యోగం కాలిఫోర్నియాలోని శాంటా క్లారాకి మారింది. ఇల్లు అమ్ముడైతే గాని భార్య నళినినీ, ఏడేళ్ళ కూతురు వేదనీ తీసుకెళ్ళలేడు. నెలల తరబడి అక్కడొక అద్దె గదిలో తనే వండిన పప్పు తనే తింటూ, వేద ఊడిన పన్ను వీడియో కాల్‌లో చూసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇల్లు చూసేవాళ్ళు వస్తారన్నప్పుడల్లా విమానమెక్కి వస్తున్నాడు. వచ్చినవాళ్ళందరూ కాఫీ తాగడం, గుమ్మం వైపు ఓసారి చూడటం, మళ్ళీ చెప్తామండీ అని వెళ్ళిపోవడం. హేతువాదం ఎంత బరువో ఉదయ్‌కి అప్పుడు తెలిసొచ్చింది.

ఇల్లు అమ్మిపెట్టే రియల్టర్ సలహా మీద నళిని గుమ్మం పక్క గోడకున్న వెంకటేశ్వరస్వామి పటం తీసి, ఆ చోట ఉదయ్ మ్యాప్ తగిలించింది. ఉత్తర ధ్రువం వెతుక్కుంటూ వెళ్ళిన తొలినాటి ఓడల దారులన్నీ చుక్కల గీతలుగా ఉన్న ఒక పాత పటానికి ప్రింట్ అది. నడిమధ్య ఎవరికీ ఏమీ తెలియని తెల్లటి జాగా. వచ్చినవాళ్ళకి మేధావిలా కనిపించాలని కొన్నాడు గాని, ఫ్రీజర్‌లోంచి బఠాణీలు తియ్యడానికే గ్లవ్స్ వెతుక్కునే మనిషి ఉదయ్. ఒకసారి ఫ్రేము విరిగితే, చెక్కబద్దల్లో అయస్కాంతాలుండి పటాన్ని గట్టిగా పట్టుకునే కొత్త ఫ్రేము తెచ్చి తానే బిగించాడు. ఆ ఇంట్లో అతను స్వహస్తాలతో చేసిన రిపేరు అదొక్కటే.

పదింటికి రవిశంకర్ అనే కుర్రాడు, వాళ్ళ నాన్న కొండల్ రావుతో వచ్చాడు. ఆయన వరంగల్‌లో హెడ్మాస్టరుగా రిటైరై, కొడుక్కి ఇల్లు కుదర్చడానికే ఇక్కడ మకాం పెట్టాడు. లోపలికి వస్తూనే మ్యాప్ ముందు ఆగి, ఫోన్‌లో కంపాస్ తెరిచాడు.

"తూర్పు," అన్నాడు.

ఉదయ్ ఉలిక్కిపడ్డాడు. ఆ ఇంటి గురించి అంత మంచి మాట ఎవరూ అనగా వినలేదు. నళిని వెనకనుంచి చెవిలో, ఫ్రేముకున్న మాగ్నెట్ల పని అది, చెప్పేసెయ్, మనకెందుకీ పాపం అంది. నేనేం అబద్ధమాడలేదే, ఫోన్ ఆడింది అనుకున్నాడు ఉదయ్. అనుకుని ఊరుకున్నాడు.

కొండల్ రావు వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ ఫోన్ చూశాడు. పటానికి దూరమయ్యేసరికి ఫోన్ నిజం చెప్పింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఇక్కడ చూస్తే గుమ్మం దక్షిణం దిక్కున్నదే?"

ఉదయ్ గబుక్కున అందుకున్నాడు. "టెక్సాస్ కదండీ అంకుల్, కింద ఆయిల్ ఉంటుంది. లోపలికొస్తే కంపాస్ కొంచెం తేడా చూపిస్తుంది. గుమ్మం దగ్గర చూపించిందే కరెక్ట్."

కొండల్ రావు ముఖం వాడిపోయింది. అది పెద్దవాళ్ళు లోతుగా ఆలోచించేటప్పుడు పెట్టే ముఖమని ఉదయ్ సరిపెట్టుకున్నాడు.

ఆయన మేడ మీద గదులు చూస్తానన్నాడు. ఇక ఉదయ్ ఉండబట్టలేక గోడమీది పటం తీసి చంకన పెట్టుకుని వెంట పడ్డాడు. ఆయన ఎక్కడ ఫోన్ తీస్తే అక్కడ పక్కనే పటం ఎత్తి పట్టుకుని ధ్రువయాత్రల మీద ఉపన్యాసం మొదలెట్టాడు. ఓడలు మంచులో ఎలా ఇరుక్కున్నాయో, తిండిలేక బూట్లు ఎలా ఉడకేసుకున్నారో చెబుతూ పోయాడు. ఇంటికి తిరిగొచ్చిన్రా వాళ్ళు అని ఆయన అడిగితే, కొందరొచ్చారండీ అన్నాడు. బాత్రూం దగ్గర కంగారులో పటాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. దాంతో బాత్రూం పోయి ఈశాన్యంలో కూర్చుంది. కొండల్ రావు శివశివా అని కళ్ళు మూసుకున్నాడు. ఉదయ్ గభాలున పటం తిప్పాడు. ఆయన కళ్ళు తెరిచేసరికి బాత్రూం వాయవ్యానికి వెళ్ళిపోయింది.

ఆయనింక ఏ గదీ చూడలేదు. కిందికి దిగి చెప్పులు వేసుకున్నాడు.

"ఇల్లు మంచిగున్నది బాబూ. కానీ మా రవి రాశికి దక్షిణ సింహద్వారమే కలిసొస్తదని సిద్ధాంతి చెప్పిండు. గూగుల్ల దక్షిణమని చూసే ఇంత దూరం వచ్చినం. నీదేమో తూర్పాయె."

చంకలో పటంతో ఉదయ్ కొయ్యబారిపోయాడు. ఎన్నాళ్ళుగానో దేవుణ్ణి అడుగుతున్న బేరమే గుమ్మంలోకి వస్తే, తనే ఇల్లు తిప్పి పంపించేస్తున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"అంకుల్, ఇది దక్షిణమేనండీ," అన్నాడు.

"మీరే కదండీ ఇందాక ఆయిల్ అన్నారు?" అన్నాడు రవిశంకర్, కారు తాళాలు తీస్తూ. పొద్దుట్నుంచీ ఉదయ్ చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని ఎవరూ నమ్మలేదు. సూర్యుణ్ణి సాక్ష్యం పిలుద్దామంటే ఆకాశం నిండా మబ్బు.

అప్పుడు ఉదయ్ సిగ్గు విడిచి అంతా చెప్పేశాడు. అయస్కాంతాలు, ఆయిలు, బాత్రూం చేసిన ప్రయాణం, ఏదీ దాచలేదు. నళిని పటం లాక్కుని, ఫోన్లకి అందనంత దూరంగా వీధి చివర పెట్టి వచ్చింది. అప్పటికే కొండల్ రావు ఫోన్‌కి మతి పోయి ఉంది. దాన్ని గాలిలో ఎనిమిది అంకెలా తిప్పితేగాని దారికి రాదన్నాడు రవిశంకర్. తోడుగా మిగతా ముగ్గురూ తమ ఫోన్లు తీశారు. నలుగురూ లాన్‌లో నిలబడి చేతులు తిప్పుతుంటే, కుక్కని నడిపించుకుంటూ పోతున్న పక్కింటి అమెరికన్ అదేదో మన ప్రార్థన అనుకుని భక్తిగా చేతులు జోడించాడు.

నాలుగు ఫోన్లూ దక్షిణమన్నాయి.

కొండల్ రావు ఫోన్ జేబులో పెట్టుకుని ఉదయ్ వైపు తిరిగాడు. ఉదయ్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. "మీరు కొనకపోయినా తప్పు లేదండీ," అన్నాడు. "పిల్లకి దూరంగా ఒక్కణ్ణే పడి ఉండి ఉండి, బుర్ర పనిచెయ్యడం మానేసింది. అంతకుముందు బాగా పనిచేసేదని కాదు."

పెద్దాయనకి నవ్వొచ్చింది. "తీసుకుంటం. కానీ ఆ పటం ఇక్కడనే ఇడిసిపెట్టి పోవాలె."

ఉదయ్ పొంగిపోయాడు. తన ఉపన్యాసం విన్న ప్రాణి ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది. "ధ్రువయాత్రలంటే మీకూ ఇష్టమా అంకుల్?"

"అదేం లేదు. రేపు సిద్ధాంతి మాట మారిస్తే ఇల్లు తిప్పుకోవాలె కదా."

నెల తిరిగేసరికి ముగ్గురూ శాంటా క్లారా చేరారు. అక్కడి అపార్ట్‌మెంట్ గుమ్మం ఎటు చూస్తుందో ఉదయ్ ఇంతవరకూ ఫోన్ తీసి చూడలేదు.