దిమ్మల లెక్క

"పేదోళ్ల వంతెనకు రేకులు వాడే రోజులు పోయినాయి. ఇంక అన్నీ దిమ్మలే!" అని మంత్రి ధనంజయగారు వడమాలపేట సభలో ప్రకటించగానే చప్పట్లకు షామియానా అదిరింది. రేకులేమిటో దిమ్మలేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషి, ఇంజనీరు రాజారత్నం, వెనక వరసలో తల పట్టుకుని కూర్చున్నాడు.

పాపం, తప్పు అతనిదే. ముందురోజు చిత్తూరు ఆఫీసులో, కొత్త కంప్యూటర్ ముందు మంత్రిగారికి నిజం చెప్పాడు. బడిపిల్లల కోసం వాగు మీద కట్టే కాలివంతెనను కంప్యూటర్లో ముక్కలు చేసి లెక్క కట్టాలి. ఆ ముక్కలు లెక్కలోనే ఉంటాయి, కట్టడంలో కాదు; ఏ రకమో మనమే ఎంచుకోవాలి. పలుచని శ్లాబుకు రేకు ముక్కలు పెడితే ఎంత వంగేదీ సరిగ్గా తెలుస్తుంది. ఒక్క వరస దిమ్మలు పేరిస్తే వంగేదాన్ని కూడా వంగదంటుంది కంప్యూటర్.

"రేకుల్తో ఎంత వంగతాది?"

"రెండంగుళాలు సార్."

"దిమ్మల్తో?"

"పావంగుళం సార్. కానీ అది అబద్ధం..."

"ఏందప్పా నువ్వు! ఒక్క మూట సిమెంటు పెట్టకుండా వంతెన గట్టిపడితే అబద్ధమంటావే! ఇంత గట్టిగా ఉంటే శ్లాబు అంత మందమెందుకు? సగానికి తగ్గించు."

"దోసెను ఇడ్లీ అని రాసుకుంటే దానికి మందం రాదు సార్."

"నాకు రెండూ ఇష్టమే" అన్నారు మంత్రిగారు.

రాజారత్నం సంతకం పెట్టనన్నాడు. పెట్టే ఇంజనీరు మధ్యాహ్నానికే దొరికాడు. మూడు నెలల్లో సగం మందం శ్లాబుతో వంతెన లేచింది.

ప్రారంభోత్సవం నాడు హెడ్‌మిస్ట్రెస్ సంతోషమ్మ నలభై మంది పిల్లల్ని వరసగా నిలబెట్టింది. మంత్రిగారు కత్తెర చేతిలో పట్టుకుని, రాజారత్నాన్ని పక్కకు పిలిచారు.

"నేను నూటపది కిలోలుండా. ఎనకాల పదిమంది వస్తారు. రేకుల్తో ఏసి సెప్పప్పా, ఆగతాదా?"

"ఆగదు సార్."

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించి రిబ్బన్ కత్తిరించారు. మైకు అందుకున్నారు.

"దీని మీద తొలి అడుగేసే గౌరవం నాది కాదు, మన బిడ్డలది! నేను ఆ గట్టున నిలబడి వాళ్లకు పలకలు పంచుతాను!"

ఎంతటి త్యాగం! జనం ఈలలు వేశారు. మంత్రిగారి కారు పుత్తూరు మీదుగా చుట్టు తిరిగి అవతలి గట్టుకు బయలుదేరింది.

రాజారత్నానికి భయం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. వెళ్లి వంతెన మొదట్లో అడ్డంగా కూర్చున్నాడు.

"లెయ్యండి సార్, మంత్రిగారు ఆడ కాసుకోనుండారు" అంది సంతోషమ్మ.

"కాసుకోనీమ్మా. నేను లేసేది లేదు."

ఆ రోజు పిల్లలెవరూ వంతెన ఎక్కలేదు. మరునాడు రాజారత్నానికి సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. విద్యాభివృద్ధికి అడ్డంగా కూర్చున్నందుకట.

ఆ వారమే మంత్రిగారి ఆదేశాల మేరకు, వంతెనకు ఇటొక కానిస్టేబులు, అటొక కానిస్టేబులు కాపలా వచ్చారు. ఎవరినీ ఎక్కనివ్వరు. రెండేళ్లయినా వంతెన వెంట్రుకవాసి వంగలేదని మంత్రిగారు శాసనసభలో సగర్వంగా చెప్పారు. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, దాని కింద వాగు దాటి బడికి వెళుతున్నారు.