మధ్యలో మాట నొక్కితే

శనివారం పొద్దున్న, గుడివాడలో వెంకటాద్రి గారింట్లో కాఫీల వేళ ఒక మంచి ఆలోచన పుట్టింది. ఆ ఇంట్లో మంచి ఆలోచనలు మామూలుగా ప్రభావతమ్మకే పుడతాయి. వాటిని పాడు చేసే బాధ్యత వెంకటాద్రి గారు చూసుకుంటారు.

"రేపు ఆదివారం కదా, పోతయ్యనీ వాళ్ళ మనుషుల్నీ, సామ్యేలు గారినీ మధ్యాహ్నం భోజనానికి పిలవండి," అందావిడ. "నేనివాళ లేచి తిరుగుతున్నానంటే వాళ్ళ చలవే. వంట సంగతి నేను చూసుకుంటాను. మాట మాత్రం మీ నోటితో మీరే చెప్పాలి."

వెంకటాద్రి గారు కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. వంట చెయ్యమన్నా ఆయన ఇంత ఇబ్బంది పడేవారు కాదు.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కిందటి నెల వానల్లో ప్రభావతమ్మకు ఉన్నట్టుండి కడుపులో నొప్పి వచ్చింది. రోడ్డు మీద నీళ్ళు నిలిచి అంబులెన్సు రాలేనంటే, ముదినేపల్లిలో ఐసు ఫ్యాక్టరీ నడిపే సామ్యేలు తన వ్యానులో పరుపు వేసి ఆవిణ్ణి విజయవాడ చేర్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు డాక్టర్లు. భార్యకు ఆపరేషనై, కోలుకుని ఇల్లు చేరేదాకా వెంకటాద్రి గారు తన చేపల చెరువు మొహం చూడలేదు. ఆ రోజుల్లోనే మబ్బు పట్టి, చెరువులో గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. మంగినపూడి పక్క పల్లె నుంచి వల పనికి మనుషుల్ని తెచ్చే మేస్త్రీ పోతయ్య, ఎవరూ పిలవకుండానే వచ్చి, గట్టు మీద మకాం పెట్టి, ఏరేటర్లు తిప్పించి చెరువును బతికించాడు. నిజానికి అది అతని పనే కాదు. చేపలు ఎదిగాక వచ్చి వల లాగిపోవడం వరకే అతని వంతు.

ఇంత జరిగినా వెంకటాద్రి గారు వాళ్ళకు "మీ మేలు మరిచిపోను" అన్న ఒక్క ముక్క చెప్పలేదు. కృతజ్ఞత లేక కాదు. లోపల బోలెడంత ఉంది, బయటికే రాదు. ఆయన నోట మంచిమాట రావడమూ, మే నెలలో కాలవకు నీళ్ళు రావడమూ ఒకటే. చెప్పాలనే రెండుసార్లు చెరువు దాకా వెళ్ళారు. తీరా పోతయ్య ఎదురుపడేసరికి గొంతు సవరించుకుని, "వల ఆ మూల చిరిగిందేం?" అని అడిగి వచ్చేశారు.

అందుకని నోటికి బదులు ఫోనును నమ్ముకున్నారు. ఫోనుతో ఆయనకు మంచి అవగాహన ఉంది. ఒక అక్షరం కొడితే చాలు, కీబోర్డు నెత్తిన మూడు మాటలు ప్రత్యక్షమవుతాయి. ఆయన కళ్ళజోడు వెతుక్కోకుండా మధ్యలో ఉన్నదాన్ని నొక్కుతారు. దాని తర్వాత ఇంకో మూడు వస్తాయి, మళ్ళీ మధ్యది నొక్కుతారు. అలా నొక్కుకుంటూ పోతే మెసేజ్ తయారు. బందరులో లెక్చరరుగా పని చేస్తున్న కూతురు లహరి, ముందుగా మాటలు అందించేదీ, దానంతటదే దిద్దేదీ రెండూ ఆపేస్తాను ఫోన్ ఇవ్వమని వచ్చినప్పుడల్లా మొత్తుకుంటూనే ఉంది. ఆయన ఇవ్వలేదు. ఇన్నేళ్ళుగా తన దగ్గర పెరిగిన ఫోనని, తన మనసు దానికి తెలుసని ఆయన వాదన.

ఫోనుకు ఆయన మనసు తెలియదు, ఆయన అలవాటు తెలుసు. ఇన్నేళ్ళలో ఆయన, పోతయ్యా సామ్యేలూ అందరూ ఉన్న చెరువు వాట్సాప్ గ్రూపులో, ఎవర్నీ భోజనానికి పిలిచిన పాపాన పోలేదు. పట్టుబడికి, అంటే చేపలు పట్టడానికి, మాత్రమే పిలిచారు. కాబట్టి వెంకటాద్రి గారు "రేపు" అనగానే ఫోను వినయంగా "తెల్లవారుజామున" అని అందించింది. "అందరూ" అనగానే "చెరువు మీదకు రండి" అంది. "భోజనం" అని సగం కొట్టేసరికి, ఈ మనిషికి ఆ మాటతో పనేమిటనుకుందో ఏమో, దానంతటదే దిద్దేసి "పట్టుబడి" అని పెట్టింది. చివర్లో ఆయన ప్రభావతి పిలవమన్నదని రాయబోయారు. కిందటి నెలంతా ఆయన చుట్టపక్కాలకు ఆ పేరుతో పంపిన మెసేజ్ ఒకటే. ఫోను దాన్నీ మరిచిపోలేదు.

చివరికి గ్రూపులోకి వెళ్ళింది ఇదీ: "రేపు తెల్లవారుజామున అందరూ చెరువు మీదకు రండి. పట్టుబడి. ప్రభావతి ఆసుపత్రిలో ఉంది. ఆలస్యం చేయొద్దు."

"పంపేశాను," అని వెంకటాద్రి గారు ఫోను జేబులో పడేసుకుని, పెద్ద బరువు దిగినవాడిలా వంకాయలకు బయల్దేరారు.

మనకిది ఉత్త పొరపాటు. చేపల చెరువుల మనుషులకు మాత్రం అందులో ఇంకో సంగతి కనబడుతుంది. ఆ చెరువులో బొచ్చెలూ శీలావతులూ ఇంకా అరచెయ్యంతే ఉన్నాయి, పట్టుబడికి రావాలంటే వేసవి దాకా ఆగాలి. ఎదగని చేపను ఎవరూ పట్టరు. పట్టారంటే ఆ ఇంటి మీద పడ్డ కష్టం ఇంకో దారిలో గట్టెక్కేది కాదని అర్థం. అలాంటప్పుడు ఎందుకని అడగడం మర్యాద కాదు. వెళ్ళి పక్కన నిలబడటమే. పోతయ్య మెసేజ్‌ను రెండుసార్లు చదివించుకుని, "అలాగే బాబుగారూ" అని జవాబు పెట్టించి, భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

సామ్యేలు మాత్రం ఉండబట్టలేక ఫోన్ చేశాడు. వెంకటాద్రి గారు బజార్లో వంకాయలు ఏరుతున్నారు.

"మీరేం దిగులు పెట్టుకోకండి," అన్నాడు సామ్యేలు బొంగురు గొంతుతో. "రేపు మొత్తం మేం చూసుకుంటాం. ఐసు నాది."

మజ్జిగలోకి కాబోలనుకున్నారు వెంకటాద్రి గారు. "ఐసెందుకండీ, మీరు చేతులూపుకుంటూ వస్తే చాలు."

"ఈ టైములో కూడా మొహమాటమేంటండీ," అని సామ్యేలు ఫోన్ పెట్టేశాడు. భోజనానికి పిలిస్తే ఇంత కదిలిపోతారా మనుషులు అని వెంకటాద్రి గారు అబ్బురపడి, ఇంకో కిలో వంకాయలు తూయించారు.

ఆ సాయంత్రం ప్రభావతమ్మ, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా తీసుకురమ్మని చెప్పమంది. ఆయన మళ్ళీ ఫోను తీసి, మళ్ళీ మధ్యలో మాటలు నొక్కారు. "ఇంకా మనుషులు కావాలి. వెంటనే," అని వెళ్ళింది. ఆసుపత్రి మాట ముందే విని ఉన్నవాళ్ళు దీన్ని రక్తం కోసమని అర్థం చేసుకున్నారు. మా ఊళ్ళో కుర్రాళ్ళంతా వస్తారు బాబుగారూ అని పోతయ్య నుంచి జవాబొచ్చింది. ప్రభావతమ్మ సంబరపడి బియ్యం ఇంకొంచెం నానబోసింది.

సామ్యేలు ఐసు ముదినేపల్లితో ఆగదు, అవనిగడ్డ దాటి దివిసీమ రొయ్యల చెరువుల దాకా పోతుంది. ఐసుతోపాటు కబురూ పోయింది. అవనిగడ్డలో ఉన్న ప్రభావతమ్మ అక్క రావమ్మ మరిదికి ఫోన్ మీద ఫోన్ చేసింది. వెంకటాద్రి గారి ఫోను పడగ్గదిలో చార్జింగులో, నోరు నొక్కేసి ఉంది. జవాబు రాకపోయేసరికి రావమ్మ ఇంక ఆగలేక, తెల్లారగట్ల మొదటి బస్సుకే బయల్దేరింది.

ఆదివారం తెల్లవారేసరికి చెరువు గట్టు మీద తిరునాళ్ళలా ఉంది. వలలు, ట్రేలు, ఐసు లారీ, రక్తమివ్వడానికి వచ్చిన కుర్రాళ్ళు, వాళ్ళ వెనకాల వాళ్ళ అమ్మలు. లేనిదల్లా వెంకటాద్రి గారే. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. వల దింపుదామా అని మనుషులు అడిగితే పోతయ్య చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. ఊపిరాడక తేలిన రోజు నుంచి ఆ చేపల్ని కాచినవాడు అతను. వల గట్టు మీదే వదిలెయ్యమన్నాడు. ముందు ఆసుపత్రేదో కనుక్కుందాం, ఈ చేపల మీద చెయ్యి పడకుండా మనమే ఏదో ఒకటి చేద్దాం అన్నాడు. అందరూ దొరికిన ఆటోలోనూ, ఐసు లారీలోనూ ఎక్కి గుడివాడ దారి పట్టారు.

ఆ సమయానికి వెంకటాద్రి గారు పెరట్లో పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నారు. బందరు లడ్డూల పొట్లాలతో అప్పుడే దిగిన లహరి పులిహోర కలుపుతోంది. వీధిలో ఏదో అలికిడైతే తొంగి చూసి, వెంకటాద్రి గారు ఉలిక్కిపడ్డారు. భోజనానికి పిలిచినవాళ్ళు టిఫిన్ల వేళకే వచ్చేశారు. వచ్చినవాళ్ళెవరి మొహంలోనూ నవ్వు లేదు. పోతయ్య మెట్లెక్కి వచ్చి, కొబ్బరిచిప్పతో సహా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఎదగని చేప అమ్ముకోకండి బాబుగారూ. మేమంతా ఉన్నాం."

వెంకటాద్రి గారికి ఒక్క ముక్క బోధపడలేదు. "భోజనాలకు ఇంకా టైముంది పోతయ్యా," అన్నారు. పాపం, దిగులుతో బాబుగారికి మతి చలించిందని వెనక ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆటో దిగిన రావమ్మ జనాన్ని చూసి, అయిపోయిందనుకుని, "నా చెల్లీ" అని గుమ్మంలో కూలబడి శోకాలు మొదలుపెట్టింది.

ఏడుపు విని ప్రభావతమ్మ చేతిలో గరిటెతో బయటికొచ్చింది.

"ఎవరికేమైందక్కా?" అంది కంగారుగా.

"నీకేనే," అంది రావమ్మ.

రావమ్మ లేచి చెల్లెల్ని భుజాలూ చేతులూ తడిమి చూసుకుంది. లహరి పడగ్గదిలోంచి ఫోను తెచ్చి, రెండు మెసేజ్‌లనూ గట్టిగా చదివింది. చదవడం పూర్తయ్యేలోపే సామ్యేలు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు గుమ్మం నుంచి వీధిలో లారీ దాకా పాకింది. రక్తమివ్వడానికని చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడ్డ కుర్రాడొకడు మెల్లగా దాన్ని దించుకున్నాడు. వెంకటాద్రి గారికి మాత్రం నవ్వు రాలేదు. తన ఇంటికి కష్టమొచ్చిందంటే ఇంతమంది, చీకటితోనే, ఒక్క ప్రశ్నయినా అడక్కుండా లేచి వచ్చారు. ఆయన గోడకేసి తిరిగి నిలబడ్డారు.

వంట వండింది ఎంతమందికో, వచ్చింది ఎంతమందో పోల్చుకుంటే ఎవరికైనా గుండె ఆగుతుంది. రావమ్మ కళ్ళు తుడుచుకుని కొంగు దోపింది. పక్కింటి పొయ్యిల మీద కూడా అన్నం ఎసరు పడింది. మజ్జిగలోకి ఐసుకు కొదవే లేదు.

ఆ సందట్లో లహరి నాన్నను అరుగు మీద కూర్చోబెట్టి, సెట్టింగులు తెరిచి, ముందుగా మాటలు అందించే మీట ఆపేసింది. దానంతటదే దిద్దే మీట కూడా ఆపేసింది. ఈసారి ఆయన అడ్డు చెప్పలేదు.

"ఇక ఏం రాసినా మీరే రాయాలి నాన్నా. అది సాయం రాదు."

వెంకటాద్రి గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. కీబోర్డు నెత్తిన ఖాళీగా ఉంది. నొక్కడానికి మధ్యలో మాట లేదు. ఒక్కో అక్షరం వెతికి, కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి ఆయన ఒక మెసేజ్ రాయసాగారు. పెరట్లో విస్తళ్ళు పరిచారు, నీళ్ళు చల్లారు, పప్పు వడ్డించారు, గుత్తివంకాయ వచ్చింది. ఆయన ఇంకా రాస్తూనే ఉన్నారు. జనం ముద్దలు కలిపేసరికి పూర్తి చేసి, ఊపిరి పీల్చుకుని పంపారు.

పంక్తి పొడుగునా జేబుల్లోనూ జాకెట్లలోనూ ఫోన్లు ఒక్కసారి కుయ్యిమన్నాయి. ఒక్కరూ తీయలేదు.

"ఏదో పంపినట్టున్నారు," అన్నాడు సామ్యేలు.

"చదువుకోండి," అన్నారు వెంకటాద్రి గారు అరుగు మీద నుంచే.

"చేతులు ఎంగిలి బాబుగారూ," అన్నాడు పోతయ్య. "అందులో ఉన్నదేదో నోటితో చెప్పెయ్యండి."

పంక్తి అంతా తలలెత్తి ఆయన వైపు చూసింది. వెంకటాద్రి గారు లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. అలవాటుగా వల సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశారు.

"మీరు లేకపోతే నాకు మా ఆవిడ లేదు," అన్నారు. "చెరువూ లేదు. ఈ మాట మీకు ముందే చెప్పాల్సింది. నాకు చేతకాలేదు. మీ అందరికీ దండం." చేతులు జోడించారు. కళ్ళజోడు కింద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి ఆ చేతులు విడదీయలేదు.

పోతయ్య ముద్ద చేతిలోనే ఉంచుకుని తల దించుకున్నాడు. పప్పు బాగుందండీ అన్నాడు. ఆ మాట విని అందరూ మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

నేతి గిన్నెతో పంక్తి చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చిన ప్రభావతమ్మ భర్త పక్కన ఒక్క క్షణం ఆగింది. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ ఆయనకు వండిపెడుతూనే ఉంది, ఇలాంటి మాట ఒక్కటీ ఆవిడ చెవిన పడలేదు.

"ఆ గ్రూపులో నన్నూ చేర్చండి," అంది.